రెండు సీట్ల పాత కారు

"ధర చవకే," అన్నారు పెద్దాయన, షెడ్డులోకి వస్తూనే తలుపు వెనకున్న స్విచ్చు వేసి. "అదే నా భయం. చవక కారు కొనడం తేలికే. ముసళ్ళ పండగంతా బాగుచెయ్యడంలో ఉంటుంది."

ఆమె నవ్వబోయి ఊరుకుంది. చంకలో పిల్లని సర్దుకుని, ఒంటిచేత్తో దుప్పటి లాగింది.

ఎర్ర కారు. రెండే సీట్లు. నేలని కరుచుకుని పడుకున్నట్టుంటుంది. వయసులో ఉన్నప్పుడు పందేలకి పోయేదట. ఇప్పుడు చక్రాలు లేవు. నాలుగు చెక్కదిమ్మల మీద కూర్చుని ఉంది.

ఇక్కడికి వచ్చేముందే భర్త తేల్చి చెప్పాడు. "ఇదే ఆఖరు. ఇవాళ ఆయన వద్దన్నారో, రేపే పాతసామాన్లవాణ్ణి పిలుస్తా. నావల్ల కాదిక."

"మీరూ పక్కన ఉండొచ్చుగా?"

"చూడలేను," అని వెళ్ళి, గేటు దగ్గర వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

చూడలేడు మరి. అది అతని తండ్రి ముచ్చటపడి కొన్న కారు. ఉద్యోగం చాలించాక ఆయన లోకమంతా ఈ షెడ్డే. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు, చదువు ఎనిమిదితోనే ఆగిపోయిందని ఎవరో ఎత్తిపొడిచారు. మామగారు ఆమెని ఇక్కడికి పిలిచి, స్పానర్ల డబ్బా ముందు పెట్టారు. "నేను పదమూడు అడిగితే నువ్వు పదమూడు అందించు. అంతకుమించిన చదువు నాకక్కర్లేదు," అన్నారు. ఆనాటి నుంచి ఆమే ఆయన అసిస్టెంటు. తర్వాత పని సగంలో ఆగిపోయింది. కారు మీదికి దుప్పటి వచ్చింది.

పాతసామాన్లవాడైతే దాన్ని ముక్కలుగా కోసి తూకానికి పట్టుకుపోతాడు. అది మాత్రం జరక్కూడదు. 'తీసుకుంటాను' అన్న ఒక్కమాట చాలు ఆమెకి. ఆ మాట పడిన రోజు ఇంటిల్లిపాదీ కడుపునిండా తింటారు. పోయిన ఆదివారం ఆ మాట పడింది కూడా. తెల్లారేసరికి గాలికి పోయింది.

పెద్దాయన కారు తలుపు తెరిచి, కొస పట్టుకుని పైకెత్తి చూశారు. లటలటలాడింది. "కీలు అరిగింది."

"మార్చుకోవచ్చు కదండీ."

"మార్చుకోవచ్చు." జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, చక్రం పైనుండే వంపుకి ఆనించారు. అంటుకోలేదు. జారి ఆయన అరచేతిలో పడింది. "చూశారామ్మా? ఇక్కడ రేకు లేదు, ఉన్నదంతా పుట్టీయే. పైన పటారం, లోన లొటారం."

పిల్ల "తాతా" అంటూ ఆయనవైపు చేతులు చాపింది.

"ఈ వయసులో అంతే. నెత్తిన తెల్లజుట్టు కనిపిస్తే చాలు, తాతే," అని నవ్వారాయన. "మా ఇంట్లోనూ ఒకత్తె ఉంది. ఇంతే ఉంటుంది."

ఆమె పిల్ల చేతులు మెల్లగా దించింది.

ఆయన మోకాళ్ళ మీద వంగి కారు కిందికి టార్చి వేశారు.

"ఈ అడుగు రేకు ఎవరు అతికారు?"

"మా మామగారండీ."

"చెయ్యి తిరిగినవాడే. కానీ ఒట్టి మొండిఘటం. ఇంత తుప్పు చూసి కూడా దిగాడంటే... ఇంట్లో ఒక్కరైనా వద్దనలేదా?"

"అన్నాం. ఆయన వింటేగా."

"వినడు. ఈ పిచ్చి పట్టినవాడు ఎవరి మాటా వినడు," అంటూ లేచి బానెట్ ఎత్తారు. స్పానరు తగిలించి, ఇంజను చేత్తో తిప్పి చూశారు. మూలిగింది. కానీ తిరిగింది. ఆయన మొహం చాటంత అయింది. "చింత చచ్చినా పులుపు చావలేదమ్మా. దీనికోసమైనా తీసుకోవచ్చు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఓ నట్టు ఊడిపోయి ఉండటం ఆయన కంటపడింది. "పదమూడు ఇవ్వండి," అన్నారు. ఇచ్చింది. ముందు వేళ్ళతో నట్టు ఎక్కించబోయారు. జారిపోయింది. ఆమె వంగి తీసిచ్చింది. మళ్ళీ జారింది. మళ్ళీ తీసిచ్చింది. ఈసారి దాన్ని బోల్టు మీద ఆనించి, అలాగే ఆగిపోయారు.

"ఇది... ఎటు తిప్పాలి?"

"కుడికండీ," అంది ఆమె, గొంతు తగ్గించి.

ఆయన తన చేతికేసి చూసుకున్నారు, అదెవరిదో అన్నట్టు. తర్వాత నట్టునీ స్పానరునీ గుడ్డతో శుభ్రంగా తుడిచి ఆమెకి ఇచ్చేశారు.

"వద్దులెండమ్మా."

"ఇంజను బాగుందన్నారు కదండీ. ధర తగ్గిస్తాం. పోనీ, ఊరికే తీసుకోండి."

"లోపం కారులో లేదు, కొనేవాడిలో ఉంది. మీకు లేనిపోని ఆశ పెట్టడం నాకిష్టం లేదు."

ఆమెకి పదమూడు అడిగితే పదమూడు ఇవ్వడం తెలుసు. వద్దన్న మనిషికి ఏమివ్వాలో ఎవరూ నేర్పలేదు. పెద్దాయనే లైటు ఆర్పారు. ఆయన వెనకాలే బయటికి నడిచింది.

గేటు దగ్గర భర్త కళ్ళతోనే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను జేబులోంచి ఫోను తీశాడు. నంబరు నొక్కలేక, అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"కాస్త దారివ్వు బాబూ," అన్నారు పెద్దాయన అతనితో. అతను పక్కకి జరిగాడు. ఆయన గడియ తీసి, ఆమెవైపు తిరిగి, "వస్తానమ్మా. పొద్దుపోతోంది, మావాళ్ళు ఎదురుచూస్తుంటారు," అని వీధిలోకి అడుగు వేశారు.

"అటు కాదు మామయ్యా, మనిల్లు ఇటు," అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.