శనివారం కంచం

"ఇంకెన్ని ముద్దలున్నయి?" అని అడిగింది శ్యామలమ్మ.

"అన్నీ అట్లనే ఉన్నయి అమ్మమ్మా. ఒక్కటి సుత దిగలే" అంది యోగిత.

పద్మారావు నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో పన్నెండున్నరకు పెట్టిన కంచం అది. ఇప్పుడు రెండు దాటింది. పప్పన్నం మీద నెయ్యి పేరుకుని తెల్లగా పొర కట్టింది. బల్లకు ఇటు అమ్మమ్మ, అటు మనవరాలు, నడుమ కంచం. కంచం ఒక్కటే. శనివారం శ్యామలమ్మకు ఒక్కపొద్దని వీధి వీధంతా ఎరుగును.

డాక్టర్ షెకీనా పెట్టిన నియమాలు రెండే. పూటపూటకూ ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. కంచం ఖాళీ అయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ లేవకూడదు. "ఇది మొండితనం కాదమ్మా, జబ్బు" అని చెప్పింది ఆవిడ. సోమవారం తూకం చూస్తుంది. ముల్లు కదలకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తారు. యోగిత కాలేజీ మొహం చూసి అప్పుడే నెల దాటింది.

దసరా దాకా బాగానే గడిచింది. రోజూ అద్దం ముందు నిలబడి తన ఒంట్లో ఒక్క మంచి చెప్పుకోవాలంటే, "ఈ చేతులు మంచియే" అన్న మాటకు పావుగంట పట్టినా, మాటంటూ వచ్చింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నారు. పోయిన వారం కరివేపాకు కుండీలో మట్టి కింద అన్నం బయటపడింది. ఆ రోజు యోగిత ఏడ్చిన ఏడుపు పై అంతస్తు దాకా వినబడింది.

ఎక్కడ మొదలైందని డాక్టర్ అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. శ్యామలమ్మకు మాత్రం తెలుసు. ఒక పెళ్లి పందిట్లో ఎవరో అన్నారు, "పిల్ల గాదు, బియ్యం బస్తా" అని. అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట అన్నదెవరో, అంటున్నప్పుడు ఏ రంగు చీర కట్టుకుందో, విస్తట్లో అప్పుడు ఏ కూర పడిందో అన్నీ ఆమెకు గుర్తే. ఆ పూట సగం విస్తరి అలాగే మిగిలింది.

ఫోన్ మోగింది. శ్యామలమ్మ కూతురు సుకన్య, యోగిత తల్లి, ఆఫీసు నుంచి.

"అమ్మా, కంచం ఖాళీ అయిందా?"

"ఇంకా లేదే."

సుకన్య గొంతు తగ్గించింది. "సోమవారం ముక్కుల గొట్టం పెడతరంట. నేనెట్ల చూడాలె అమ్మా? నాకు ధైర్యం లేదు." ఫోన్ పెట్టేసింది.

అంతలో పక్కింటి అనసూయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. "ఏందే యోగితా, రెండున్నరకు సుత కంచం ముందలనే ఉన్నవా? తిండికి గింత నఖరాలా? మీ అమ్మమ్మను జూడు. సోమవారం, శనివారం, ఏకాదశి, అన్నీ ఒక్కపొద్దులే. మనిషి కడ్డీ లెక్క ఉన్నది! గామె నడుము జూసి నేర్చుకోండ్రని మా కోడండ్లకు రోజూ చెప్త."

శ్యామలమ్మ అలవాటుగా నవ్వబోయింది. యోగిత దిగ్గున లేచి నిలబడింది.

"ఆంటీ, మీకు దండం పెడత. గా మాట మా ఇంట్ల అనకుండ్రి."

"అయ్యో, మంచి మాటన్నా తప్పేనా? ఏం పిల్లలమ్మా!" అంటూ అనసూయమ్మ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

యోగిత తలుపు గడియ వేసి వచ్చి కూలబడింది. తల బల్లకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. "నాతోని అయితలేదు అమ్మమ్మా. రోజూ ఇదే కంచం, ఇదే భయం. ఇగ నాతోని కాదు."

శ్యామలమ్మ ఆ జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది.

"నీ తప్పు గాదు బిడ్డా" అంది. "గా భయం నాకెర్కే. గొంతు కాడ ఎవరో పిడికిలి పెట్టినట్టుంటది."

యోగిత తలెత్తింది. "ఎర్కుంటే చెప్పు మరి. ఏం జేస్తే పోతది?"

"పోదు. భయంతోనే మింగాలె."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యోగిత ముక్కు తుడుచుకుంది. చల్లారిన అన్నంలో బల్ల మీది హాట్‌ప్యాక్ తెరిచి రెండు గరిటెల వేడి పప్పు పోసి మళ్లీ కలిపింది. ఉసిరికాయంత ముద్ద చేసింది. ముద్ద కంచం మీంచి లేచింది. బల్ల దాటి, కంచం ఎవరికి పెట్టారో ఆ మనిషి నోటి దాకా వచ్చింది.

శ్యామలమ్మ నోరు తెరిచింది.