సగం ధరకు

కారు ఇన్సూరెన్సు గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది. కోటిలింగం ఇంట్లోని బేరాల యంత్రం పొద్దున్నుంచి ఎనభై కంపెనీలతో గీసి గీసి బేరమాడి ఒకటి తేల్చింది.

"బాబాయ్‌గారూ, పిన్నిగారు పోయాక మీ వేగం పెరిగిందని అందరూ రేటు పెంచారు. వీళ్ళొక్కరే సగం ధరకు ఇస్తామంటున్నారు. మీ వేగం మించితే, కారులో రికార్డయిన ఆవిడ గొంతుతోనే మిమ్మల్ని హెచ్చరిస్తారట. ఒప్పుకుంటే చాలు."

భార్య మంగతాయారు ఉన్న రోజుల్లో ఏజెంటు ఇంటికే వచ్చేవాడు. ఆమె కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, రేటు తగ్గించి, పైగా రెండు క్యాలెండర్లు గుంజుకుని గానీ వదిలేది కాదు. ఆ గొంతు విని మూడేళ్ళయింది.

"ఏదీ, వినిపించు," అన్నాడు.

"ఏమండీ, దయచేసి కాస్త నెమ్మదిగా నడపండి."

గొంతు అచ్చంగా ఆమెదే. అతని చెయ్యి కుర్చీ అంచును పట్టుకుంది. మరుక్షణం మొహం మాడ్చుకున్నాడు.

"నలభై ఏళ్ళలో నన్నొక్కసారైనా 'దయచేసి' అనలేదురా అది! 'ఏం కొంపలంటుకున్నాయని అంత తోలకం?' అనేది."

"తిట్లు కంపెనీవాళ్ళు తీసేశారండీ. నిబంధన."

"అయితే పూర్తి రేటుకే ఇంకెక్కడైనా రాయించు," అన్నాడు కోటిలింగం. "కారులోని ఆ పాత రికార్డు పెట్టు. తిట్లతో సహా."