పిడికెడు నడుము

"నడుము ఇంకా లావుగా పడుతోందమ్మా. కొంచెం బిగించుకో," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె తలుపు చాటుకు వెళ్లి, లోపల చుట్టుకున్న గుడ్డను మళ్లీ బిగించుకుని వచ్చింది.

అది 1963. ధర్మవరంలో గంగాధరప్ప నేసిన పట్టుచీరను బెంగళూరు అంగడివాళ్లు కొత్త ఏడాది క్యాలెండరుకు ఎంచుకున్నారు. ఆ చీర కట్టుకుని మగ్గం పక్కన నిలబడడానికి ఆమెను కారులో తెచ్చారు. ఆమె పేరు ఎవరూ అడగలేదు.

వీధిలోని ఆడవాళ్లంతా గడపలో మూగారు.

"చూడే గౌరీ, పిడికిట్లో పట్టే నడుము!" అంది గంగాధరప్ప భార్య కుళ్ళాయమ్మ, కోడలితో. "నువ్వూ ఉండావు. ఒక్క కాన్పుకే మూట మాదిరి అయిపోతివి."

గౌరి తల దించుకుని, చంకలోని పసిబిడ్డను పొట్టకు అడ్డంగా జరుపుకుంది.

మధ్యాహ్నం కుళ్ళాయమ్మ ఆమెకు సంగటి తెచ్చింది. ఆమె చెయ్యి చాపింది.

"వద్దు. పొట్ట కనబడుతుంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

గౌరి బిడ్డ ఏడుపు అందుకుంది. మగ్గం పక్కనున్న ఆమె ఉలిక్కిపడి రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకుంది.

"చేతులు దించమ్మా! నవ్వు!"

"బిడ్డకు పాలియ్యక్కా," అంది ఆమె గౌరిని బతిమాలుతున్నట్టు.

గౌరికి ఒళ్లు మండింది.

"మా బిడ్డ సంగతి మాకు తెలుసులే. నీకేం, బిడ్డాపాపా లేని ఒళ్లు. నవ్వుకుంటా నిలబడు!"

ఆమె నవ్వింది.

"అదీ! అట్లాగే ఉండు," అంటూ ఆయన ఫొటో తీశాడు.

పెనుకొండ కోట దగ్గర ఇంకో ఫొటో ఉందని, ఆ చీరతోనే ఆమెను కారెక్కించారు.

ఆ పూట గౌరి అన్నం ముట్టలేదు. పాత చీర చించి నడుముకు బిగించుకుంది. ఊపిరాడలేదు. అయినా విప్పలేదు.

మర్నాడు కారు డ్రైవరు తిప్పేస్వామి చీర తిరిగి తెచ్చాడు. గంగాధరప్ప మడత విప్పి అదిరిపడ్డాడు. పైట మీద, రొమ్ము దగ్గర, పెద్ద పెద్ద మరకలు.

"ఏమప్పా ఇది? పట్టంతా పాడైపాయె! యాడుండాది ఆయమ్మ?"

"పొద్దున్నే బెంగళూరు రైలెక్కింది."

"ఇంత చెమటా?"

తిప్పేస్వామి గొంతు తగ్గించాడు.

"చెమట గాదు పెద్దాయనా, పాలు. బిడ్డను హిందూపురం లాడ్జిలో వాళ్లవ్వ కాడ ఇడిసిపెట్టి వచ్చింది. ఆయమ్మ పచ్చి బాలింత."