మోకాలి కట్టు

ఒక ఎలుగుబంటి తేనెపట్టు కోసం చెట్టెక్కి జారిపడింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది. కొండముచ్చు అవ్వ ఉమ్మెత్త ఆకు కోసి, ఎండకు కాలిన బండ మీద వెచ్చచేసి, మోకాలికి వేసి నారతో కట్టింది. “రేపు ఆకు మారుస్తాను. నోట్లో మాత్రం పెట్టుకోకు, విషం,” అని మరీ మరీ చెప్పింది.

మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది. “పైన కడితేనే ఇంత సుఖంగా ఉంటే, తింటే ఇంకెంత బాగుంటుందో!” అనుకుని ఎలుగు దోసెడు ఆకులు నమిలేసింది.

మర్నాటి దాకా దాని నోరు పిడచకట్టుకుపోయింది. ఎండు మొద్దును “మామా” అని పిలిచి కుశలం అడిగింది. తన నీడనే తరిమింది. తెలివి రాగానే అడవిలో జంతువులన్నిటినీ వెంటేసుకుని ఉమ్మెత్త మీదికొచ్చింది.

“నన్ను చంపబోయావు! నిన్ను వేళ్లతో సహా పీకేస్తా!”

ఉమ్మెత్త ఆకైనా కదపలేదు. “పీకు. నేను విషాన్నే, కాదని ఎవరితో అన్నాను? కాయ నిండా ముళ్లు పెట్టుకున్నాను. ఆకుకు కంపు పెట్టుకున్నాను. ఆకలితో ఉన్న దుప్పి కూడా వాసన చూసి తప్పుకుంటుంది. అవ్వ నోరు విప్పి చెప్పింది. ఇంకెవరొచ్చి చెప్పాలి నీకు? పీకెయ్, నేను బతిమాలను. కానీ ముందు ఆ మోకాలి కట్టు విప్పు. నా ఆకు నాకు పడేసి, అప్పుడు చెయ్యి వెయ్యి.”

ఎలుగు వంగి ముడి పట్టుకుంది. అది కాస్త వదులవగానే మోకాలు కలుక్కుమంది. ముడి వదిలేసి, గుంపులో ఉన్న కొండముచ్చు అవ్వ వైపు తిరిగి, గొంతు తగ్గించి, “అవ్వా, ఇవాళ ఆకు మారుస్తానన్నావు కదా,” అంది.

“కోసుకో అవ్వా,” అంది ఉమ్మెత్త. “దాని చేతికి మాత్రం ఇవ్వకు.”