కాయితం వద్దు

“ఒక్క సంతకంతో తీరే పనికి ఇంత దూరం ఎందుకమ్మా?” అంటూ అటవీ ఆఫీసు సూపరింటెండెంటు బలరాం చేతిలోని కాగితాన్ని సైదమ్మ ముందు మరోసారి ఆడించాడు.

చర్లలో ఫంక్షన్ హాలు మెట్ల మీద ఉన్నారు వాళ్లు. ఇంకో గంటలో లోపల విచారణ. సైదమ్మ చంకలో ఇరవై నెలల పిల్ల. పక్కన ఆమె భర్త అన్నయ్య తుల్సీరాం, ఖమ్మంలో వకీలు. ఆయన చేతిలోని ఫైలు మీద అంటించిన ఫోటోను పిల్ల గోరుతో గీకుతోంది. అది సైదమ్మ భర్త హాతీరాం ఫోటో. ఇల్లు కాలిపోయాక అతనిదంటూ మిగిలింది ఆధార్ కార్డు మీది ఆ బొమ్మ ఒక్కటే.

“ఏం రాసిండ్రు దాంట్ల?” అని అడిగింది సైదమ్మ.

“మీ ఆయన కంట్రోల్ రూంకు మూడు ఫోన్లు చేసిండు. ఏం మాట్లాడిండో అక్షరం పొల్లుపోకుండ టైపు కొట్టించినం. ఆయన తప్పేం లేదని గూడ రాసినం. నువ్వు బహిరంగ విచారణ అక్కరలేదని సంతకం పెడితే చాలు. హాస్టల్ల ఆయా నౌకరీ నీకే. మీరన్న చెప్పుండ్రి వకీల్ సాబ్.”

తుల్సీరాంకు ఒళ్లు మండింది. ఇదే ఆఫీసు రెండేండ్ల కింద ఏం రాసిందో ఆయన మరిచిపోలేదు. ఆ ఎండాకాలం వాళ్ల తండా వెనక గుట్ట అంటుకుంది. పదకొండు ఇండ్లు బూడిదయ్యాయి. ఆఫీసు నిప్పు కాపలాకు పెట్టుకున్న హాతీరాం గుట్ట మీదే కాలిపోయాడు. ఆఫీసు తన మీద తానే విచారణ చేసుకుని, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టింది హాతీరామేననీ, తమకసలు ఫోనే రాలేదనీ తేల్చేసింది. కంచే చేను మేసి, మేసింది గొడ్లేనని రాసిచ్చిందన్నమాట. బయటి జడ్జితో విచారణ జరిపించాలని తుల్సీరాం కోర్టుకెక్కితే గానీ, ఆ ‘రాని’ ఫోన్ల రికార్డు బయటికి రాలేదు.

అంత మంటలోనూ ఆయనకు ఆశ పుట్టింది. సైదమ్మను పక్కకు పిలిచాడు.

“తమ్ముని మీద పడ్డ మచ్చ పోయింది గదా. నౌకరీ వస్తే పిల్ల బతుకుతది. ఆలోచించు.”

“కాయితం వద్దు బావా. వినిపియ్యాలె.”

“సరే, లోపలి గదిల వినిపిస్తమంటే?”

“జడ్జి మేడం ఉండాలె, మైకుండాలె. జెర గట్టిగ వినపడాలె.”

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిది వకీలుకన్నా బలవంతురాలని తుల్సీరాంకు ఈ రెండేండ్లలో బాగా తెలిసొచ్చింది. వద్దన్నా వినకుండా ప్రతి వాయిదాకూ పిల్లను చంకనేసుకునే వచ్చింది. ‘అందరి ముందు వాళ్ల తలలు దిగాలి, అదీ దీని పంతం’ అనుకున్నాడు. ఆ పంతం ఆయనకు ముద్దొచ్చింది కూడా.

“చూసిండ్రా బలరాం సాబ్, అడుగుతున్నది సైదమ్మ ఒక్కతే కాదు,” అన్నాడు వెనక్కి వచ్చి. “తప్పు చేసినోడే తీర్పు రాసుకుంటే, రేపు ఇంకో గుట్ట అంటుకున్ననాడు గూడ ఫోన్ ఎవడూ ఎత్తడు. నడువుండ్రి లోపలికి.”

హాలు తండా జనంతో నిండిపోయింది. జడ్జి మేడం వచ్చి కూర్చున్నారు. గుమాస్తా స్పీకరు తీగలు కలిపాడు.

“రికార్డు వినిపించండి,” అన్నారు మేడం.

“జెర ఆగుండ్రి మేడం,” అంటూ లేచింది సైదమ్మ. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. సీసాలో నీళ్లు అరచేతిలోకి వంచి దాని మొహం తుడిచింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

“పండుకున్న పిల్లను లేపుడేంది? మతి గిట్ల పోయిందా?” అని గొణిగాడు తుల్సీరాం. సైదమ్మ బిస్కెట్ చేతిలో పెట్టి పిల్లను ఊరుకోబెట్టి, “ఇగ పెట్టుండ్రి,” అంది.

“సార్, నేను హాతీరాం, ఫైర్ వాచర్‌ను. గుట్ట ఎనక మంట లేచింది. జల్ది మనుషులను తోలుండ్రి.”

“ఆ, చూస్తం.”

రెండో ఫోను. “సార్, గాలి తండా దిక్కు తిరిగింది.”

“చెప్పినం గదా, చూస్తమని.”

మూడో ఫోనులో దగ్గు ఎక్కువ, మాట తక్కువ. “కిందికి దిగితే సిగ్నల్ ఉండది సార్, గందుకే ఈడనే ఉన్న. మా ఇంటామె కడుపుతోని ఉన్నది. సైదమ్మ. జెర ఆమెను ముందుగాల బయటికి...” అవతల ఎవరూ పలకలేదు.

రెండేండ్ల తర్వాత తమ్ముడి గొంతు విన్నాడు తుల్సీరాం. నల్లకోటుతో కళ్లు తుడుచుకున్నాడు. బలరాం తల దించుకున్నాడు.

“అనుమానమేం లేదమ్మా,” అన్నారు మేడం. “నీ భర్త చివరిదాకా డ్యూటీలోనే ఉన్నాడు. అదే రాస్తాను. ఇంకేమైనా చెప్పాలా?”

“ఇంకొక్కసారి పెట్టుండ్రి మేడం.”

“చాలు సైదమ్మా,” అన్నాడు తుల్సీరాం. “అందరు విన్నరు.”

“అందరు ఇనలే బావా.”

ఆయన బలరాం వైపు చూశాడు. నిజమే, వీళ్లకు ఒక్కసారి చాలదు అనుకుని గుమాస్తాకు సైగ చేశాడు. సైదమ్మ పిల్లను ఎత్తుకుని స్పీకరు దగ్గరికి నడిచింది.

“సార్, నేను హాతీరాం...”

పిల్ల బిస్కెట్ నమలడం ఆపి అటు తిరిగింది. సైదమ్మ దాని చెవి దగ్గరికి వంగింది.

“ఇను బిడ్డా, గిదే మీ నాయిన గొంతు.”