వంగి రావయ్యా

“వద్దు నాయనా, ఆ మిషను బిగించొద్దు. రికార్డు పగులుతాది!”

వరమ్మ రికార్డు ప్లేయరుకు అడ్డంగా నిలబడింది.

కొడుకు యేసుప్రసాద్ నవ్వాడు. “పగల్దమ్మా. రికార్డు కింద గాలి పీల్చేసి, దాన్ని పళ్లేనికి అతికిస్తాది, అంతే. బండల పాలీషు ఫ్యాక్టరీలో తడి బండ మీద తడి బండ పెడితే అతుక్కోదా? అట్లా.”

“వాటిని ఊడబీకేటప్పుడే కదరా పగిలేది!”

యేసుప్రసాద్ మిషను పక్కన పెట్టాడు.

ఆ భక్తిపాటల రికార్డు ఇంకోటి దొరకదు. వరమ్మ భర్త గాబ్రియేలు డోన్‌లో పాతసామాన్ల అంగట్లో కొన్నప్పటికే అది ఎండకు వంగిపోయి ఉంది. పాడినవాళ్ల పేర్లుండే అట్ట కూడా లేదు. బేతంచెర్ల బండలు రెండింటి మధ్య పెట్టి అణిచి చూశాడు. కొంత దారికొచ్చింది గానీ, ఒక్కచోట ముల్లు ఎగిరి దూకేది. ఆ చరణం పూర్తిగా వినాలని ఆశపడుతూనే కన్నుమూశాడు.

“ఉన్నదున్నట్టు ఒకసారి వేయిరా,” అంది వరమ్మ. ఇదే ఆఖరిసారేమోనని ఆమె గుబులు.

రికార్డులో గుంపు గొంతులు ఆగి, ఒక్క మగగొంతు ఎత్తుకుంది.

“నా గుడిసె చిన్నదీ...”

ముల్లు టక్కున దూకింది.

“...వంగి రావయ్యా,” అని అందుకున్నారెవరో.

వరమ్మ ఉలిక్కిపడింది. గడప బయట ఒక ముసలాయన. భుజాన సంచి, కాళ్లనిండా దుమ్ము.

“భయపడద్దమ్మా. రైలుకు పోతాండా. పాట ఇనపడి నిలబడితి. లోపల కూర్చోని ఇంటానమ్మా.”

ఇల్లంతా చూసిపోయి రాత్రికొచ్చే రకమేమో!

“ఈడే కూర్చో పెద్దాయనా,” అని మెట్టు చూపించింది. స్టీలు లోటా ఇస్తే సంచిలో వేసుకుంటాడేమోనని ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లిచ్చింది.

యేసుప్రసాద్ మళ్లీ వేశాడు. ముల్లు మళ్లీ దూకింది. మళ్లీ ముసలాయనే పూరించాడు. ‘వయ్యా’ దగ్గర ఆయన గొంతు ఎక్కిలి వచ్చినట్టు సన్నగా తెగి, అతుక్కుంది.

“నీకెట్లా తెలుసు తాతా?” అడిగాడు యేసుప్రసాద్.

“పడుచులో శానాసార్లు పాడింటిలేప్పా.”

మిషను బిగించాలా వద్దా అని మళ్లీ మొదలైన తల్లీకొడుకుల తగాదా విని ముసలాయన అన్నాడు, “బిగించనీమ్మా. నాకూ ఆ చరణం వినాలనుండాది. ఇంకొంచేపు కూర్చోనా?”

“నీ రైలు పోతాది పెద్దాయనా!”

ఆయన నవ్వి, గ్లాసు కడిగి బోర్లించి, కదిలాడు.

వరమ్మ గడప దగ్గర చెప్పులు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మనసు కొంచెం చివుక్కుమంది.

“పాపం, అంత ఆశగా అడిగినాడు. సరే, బిగించురా.”

మిషను బుస్సుమంది. వరమ్మ కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది. తెరిచేసరికి రికార్డు నీళ్లు నిలిచినట్టు సమంగా ఉంది. పగల్లేదు.

“నా గుడిసె చిన్నదీ... వంగి రావయ్యా.”

ముల్లు దూకలేదు.

“విన్న్యావా?” అంది గాబ్రియేలు ఫొటోతో, కళ్లొత్తుకుంటూ.

యేసుప్రసాద్ ముల్లు తీసి మళ్లీ అక్కడే పెట్టాడు.

ఈసారి వరమ్మ చూపు మెల్లగా గడపవైపు తిరిగింది. గొంతు పడుచుదే గానీ, ‘వయ్యా’ దగ్గర తెగి అతుక్కున్న తీరు మాత్రం, ఇందాక తను లోపలికి రానీకుండా మెట్టు మీదే కూర్చోబెట్టిన మనిషిది.