గట్టు నేర్చిన బండి

ఎడ్లను కొనేటప్పుడు సుడులు చూసినట్టు కంపెనీ మనిషి అమ్మకానికి తెచ్చిన మూడు బ్యాటరీ బండ్లనూ అంకమ్మ చుట్టూ తిరిగి చూసింది. మొదటిది ఎరువు బస్తాలు ఎక్కించగానే మూలిగింది. రెండోది కాలవ బురదలో కూలబడింది. మూడోది మాత్రం తనంతట తానే కంది కోసిన చేలోకి బుద్ధిగా నడిచి, నడిమధ్యలో టక్కున ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి పరాయి భూమి. ముందుకు రాను," అంది బండి.

అంకమ్మకు ఒళ్లు మండింది. గట్టు ఇంకా చాలా దూరంలో ఉంది. "పరాయి భూమి ఏందే? నా మొగుడు రాళ్లేరి చదును చేసిన చేను!"

బండ్ల కంపెనీ మనిషి నసిగాడు. "మీ మరిది ఏడుకొండలుగారిదీ మా బండేనమ్మా. మీరు లేనప్పుడు గట్టు దాటి రోజూ ఇందాకా వచ్చిపోతంది. ఏ బండి రోజూ ఎక్కడ తిరిగితే ఆ చోటు దాని యజమానిదేనని మిగతా బండ్లన్నీ నమ్ముతాయి. సర్వేవాళ్లు కూడా ఇప్పుడు బండ్ల మాటే వింటన్నారు."

ఏటేటా గట్టు చెక్కి జానెడు జానెడు మింగినవాడు, ఇప్పుడు పార పట్టకుండానే మింగుతున్నాడన్నమాట.

"మనం చేత్తో తోలినా ఇది నేర్చుకుంటదా?"

"ఎట్టా తోలినా నేర్చుకుంటదమ్మా."

"అయితే ఇదే కావాలి."

అంకమ్మ స్టీరింగు పట్టి గట్టెక్కించింది. బండి వద్దు వద్దని మొత్తుకుంటున్నా మరిది పత్తిచేను తొక్కించి, తిన్నగా అతని వాకిట్లోకి తోలింది. అరుగు మీద కాఫీ తాగుతున్న ఏడుకొండలు అదిరిపడి లేచాడు.

"ఏందొదినా ఇది?"

అంకమ్మ అతని వైపు చూడనైనా లేదు. వంగి బండితోనే చెప్పింది.

"దారి బాగా గుర్తుపెట్టుకో. రేపట్నుంచి రోజూ ఇక్కడిదాకా వస్తాం."